ఒక రాజు... 28 అక్షరాలు

సియోల్ నడిబొడ్డున గ్వాంగ్‌హ్వామున్ కూడలిలో సెజోంగ్ మహారాజు సింహాసనం మీద కూర్చుని ఉంటాడు. బంగారు రంగు విగ్రహం, ఎడమచేతిలో తెరిచిన పుస్తకం. కొరియన్ లిపి హంగుల్‌ను సృష్టించిన రాజు ఆయన. 2009 అక్టోబరు 9న, సరిగ్గా హంగుల్ దినోత్సవం నాడు, ఆ విగ్రహాన్ని ఆవిష్కరించారు. విగ్రహం వెనక, ఉత్తరం వైపున, గ్యోంగ్‌బొక్ రాజప్రాసాదపు సింహద్వారం కనిపిస్తుంది. ద్వారం పైన పేరు రాసిన ఫలకం ఉంది. దాని మీదున్న మూడు అక్షరాలూ చైనావే.

ఈ ఫలకం గురించి కొరియాలో ఏళ్ళ తరబడి తగవు నడుస్తోంది. 1968లో అధ్యక్షుడు పార్క్ చుంగ్ హీ తన దస్తూరీతో హంగుల్‌లో రాసి పెట్టించిన ఫలకం అక్కడ నాలుగు దశాబ్దాలు ఉంది. 2010లో ద్వారాన్ని పునరుద్ధరించినప్పుడు దాన్ని తీసేసి, 19వ శతాబ్దంలో ఉన్నట్టే చైనా అక్షరాల ఫలకం పెట్టారు. కొత్త ఫలకం కొన్ని నెలలకే పగిలింది. పాత ఫొటోలు వెతికి, అసలు రంగులేమిటో తేల్చి, 2023 అక్టోబరులో నల్లని నేల మీద బంగారు అక్షరాలతో మరొకటి ఎత్తారు. పాత కట్టడాన్ని పాత రూపంలోనే నిలబెట్టాలని పురావస్తు నిపుణులు అంటారు. హంగుల్ పుట్టిన కోటకే హంగుల్ బోర్డు లేకపోతే ఎలాగని లిపి అభిమానులు అడుగుతారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అసలు ఈ తగవు ఎక్కడ మొదలైందో చూడాలంటే సెజోంగ్ కంటే వెనక్కి, చైనా అక్షరాలు కొరియా చేరిన కాలానికి వెళ్ళాలి.

నోటి మాట వేరు, చేతి రాత వేరు

చైనా అక్షరాలను కొరియన్లు హంజా అంటారు. బౌద్ధ సూత్రాలు, కన్ఫ్యూషియస్ బోధలు, చట్టాలు, వైద్యం, చరిత్ర అన్నీ ఆ అక్షరాలతోనే కొరియాకు వచ్చాయి. రాయడమంటే చైనా భాషలో రాయడమే అన్న రోజులు వెయ్యేళ్ళకు పైగా సాగాయి.

అయితే ఆ రెండు భాషల నిర్మాణం పూర్తిగా వేరు. చైనా భాషలో మాటకు ప్రత్యయాలు చేరవు, మాట రూపం మారదు. కొరియన్ ఈ విషయంలో మన తెలుగుకు దగ్గర. క్రియ వాక్యం చివర వస్తుంది, విభక్తులు నామవాచకం వెనక అతుక్కుంటాయి, కాలమూ మర్యాదా క్రియ తోకలోనే ఉంటాయి. ‘రాముడు ఊరికి వెళ్ళాడు’ అన్న వాక్యాన్ని చైనా అక్షరాలతో రాయాలనుకోండి. ఊరుకు ఒక అక్షరం దొరుకుతుంది, వెళ్ళడానికి ఒకటి దొరుకుతుంది. ఆ ‘కి’ ఎలా రాయాలి? ‘వెళ్ళాడు’కీ ‘వెళ్ళారు’కీ మధ్య ఉన్న మర్యాదను ఎలా చూపాలి? కొరియన్ లేఖకులను వందల ఏళ్ళు వేధించిన చిక్కు ఇదే.

దీనికి వాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. కొన్ని చైనా అక్షరాలను అర్థం కోసమూ, కొన్నింటిని కేవలం శబ్దం కోసమూ వాడి, ప్రత్యయాలను ఇరికించారు. గుమస్తాల రాతలో ఈ పద్ధతిని ఇదు అంటారు. ఏడో శతాబ్దంలో కొరియాలోని సిల్లా రాజ్యపు పండితుడు సొల్ చోంగ్ దీన్ని చక్కదిద్దాడని సంప్రదాయం చెబుతుంది. పాటలకు ఇలాంటిదే హ్యాంగ్‌చల్ అనే పద్ధతి ఉండేది. ఆ కాలపు దేశి గీతాల్లో ఈనాటికి మిగిలినవి 25 మాత్రమే. ఒక అక్షరాన్ని శబ్దంగా చదవాలా అర్థంగా చదవాలా అన్నది తేలక, వాటి పాఠం గురించి పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. పైగా ఇదు రాయాలంటే ముందు హంజా వచ్చి ఉండాలి. పొలం దున్నేవాడికి దానివల్ల ఒరిగిందేమీ లేదు.

బొమ్మలతో మొదలైన ఆలోచన

జోసాన్ వంశంలో నాలుగో రాజు సెజోంగ్. 1418 నుంచి 1450 దాకా ఏలాడు. 1428లో జింజు అనే ఊళ్ళో ఒకడు కన్నతండ్రిని చంపాడు. ఆ వార్త రాజును కుదిపేసింది. జనానికి మంచీచెడూ చెప్పే పుస్తకం కావాలని పట్టుబట్టి, పితృభక్తి, రాజభక్తి, పాతివ్రత్యం చూపిన వాళ్ళ కథలతో 1434లో ఒక గ్రంథం అచ్చు వేయించాడు. జనానికి చదువు రాదని ప్రతి కథకూ ఒక బొమ్మ వేయించాడు. బొమ్మ పక్కన ఉన్న కథ మాత్రం చైనా భాషలోనే ఉంది. బొమ్మలో ఒకడు నది ఒడ్డున ఏడుస్తూ కనబడితే, ఎందుకు ఏడుస్తున్నాడో చెప్పేవాడు ఒకడు కావాలి. ఆ చెప్పేవాడు లేకుండానే చదువుకునే దారి కోసం రాజు వెతికాడు.

1443 చివరి చాంద్రమాసంలో రాజవంశ దినచర్యలో ఒక చిన్న వాక్యం నమోదైంది. రాజు స్వయంగా 28 అక్షరాలు చేశాడన్నది దాని సారాంశం. అంతకు ముందు ఈ పని జరుగుతున్న జాడ ఎక్కడా లేదు. 1446లో ఆ అక్షరాలను ప్రజలకు ప్రకటించారు. ప్రజలకు నేర్పే సరైన ధ్వనులు అనే అర్థంతో లిపికి హున్‌మిన్‌జొంగుమ్ అని పేరు పెట్టారు. అదే పేరుతో పండితులు రాసిన వివరణ గ్రంథం కూడా ఉంది. ఒక లిపిని ఎందుకు చేశారో, ఏ అక్షరానికి ఆ రూపం ఎలా వచ్చిందో, చేసినవాళ్ళే పుస్తకంగా రాసి ఇవ్వడం ప్రపంచ లిపుల చరిత్రలో చాలా అరుదు.

ఆ పుస్తకం కొన్ని వందల ఏళ్ళు కనబడకుండా పోయింది. హంగుల్ అక్షరాలను తలుపుల జాలీ చట్రాలు చూసి గీశారని కూడా ఒక ఊహ ప్రచారంలో ఉండేది. 1940లో, జపాన్ పాలన కొరియన్ భాష గొంతు నొక్కుతున్న రోజుల్లో, అందొంగ్ ప్రాంతంలో ఒక ప్రతి బయటపడింది. కళాఖండాలు సేకరించే సంపన్నుడు జొన్ హ్యోంగ్ పిల్ దాన్ని కొన్నాడు. అడిగిన ధరకు పదిరెట్లు ఇచ్చాడని చెప్పుకుంటారు. జపాన్ పాలన ముగిసేదాకా ఎవరికంటా పడకుండా దాచాడు. 1997లో యునెస్కో దాన్ని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

దాన్ని చదివితే ఆ లిపి వెనకున్న బుద్ధి తెలుస్తుంది. ‘గ’ పలికేటప్పుడు నాలుక మొదలు పైకి లేచి గొంతును మూస్తుంది. అక్షరం ఆ నాలుక వంపే. ‘న’ పలికేటప్పుడు నాలుక కొస పై చిగురును తాకుతుంది. అక్షరం ఆ ఆకారమే. ‘మ’ నోటి ఆకారంలో చతురస్రం. ‘స’ పన్ను ఆకారం. గొంతు ధ్వనికి గుండ్రటి సున్న. ఈ ఐదూ మూలాలు. ధ్వని గట్టిపడినకొద్దీ ఒక గీత చేరుతుంది. ‘న’కు గీత చేరిస్తే ‘ద’, దానికి ఇంకో గీత చేరిస్తే ‘థ’. ‘మ’ నుంచి ‘బ’, ‘బ’ నుంచి ‘ఫ’. అచ్చులకు మూడే మూలాలు. చుక్క ఆకాశం, అడ్డగీత భూమి, నిలువుగీత మనిషి. మిగతా అచ్చులన్నీ ఈ మూడింటి కలయికలు. ఇలా ధ్వని గుణమే అక్షరం గీతల్లో కనబడే లిపి కనుక, జెఫ్రీ సాంప్సన్ అనే భాషావేత్త 1985లో దీనికోసం లిపుల వర్గీకరణలో ఒక కొత్త విభాగాన్నే పెట్టాడు.

‘న’, ‘ద’, ‘థ’ ఒకే కుటుంబమని తెలుగు బడిలో చదువుకున్నవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. త థ ద ధ న అని వరసగా వల్లించినవాళ్ళమే మనం. పలికే చోటును బట్టి హల్లులను వర్గాలుగా విడగొట్టడం భారతీయ శిక్షా శాస్త్రం చేసిన పని. బౌద్ధ భిక్షువులతో ఆ జ్ఞానం చైనా చేరింది. అక్కడి ధ్వని పండితులు దాన్ని తమ భాషకు మలచుకుని దవడ ధ్వనులు, నాలుక ధ్వనులు, పెదవి ధ్వనులు, పంటి ధ్వనులు, గొంతు ధ్వనులు అని ఐదు వర్గాలు చేశారు. సెజోంగ్ ఆ గ్రంథాలను కంఠోపాఠంగా చదివినవాడు. హంగుల్ హల్లులు ఆ ఐదు వర్గాలుగానే ఉంటాయి. అంటే మన వర్ణమాలకూ కొరియన్ లిపికీ అక్షరాల ఆకారంలో కంటే వెనకున్న ఆలోచనలో చుట్టరికం ఉంది. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గారీ లెడ్‌యార్డ్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. కుబ్లాయ్ ఖాన్ కోసం టిబెట్ లామా ఫగ్స్‌పా చేసిన లిపి నుంచి కొన్ని హంగుల్ హల్లుల రూపాలు వచ్చాయని ఆయన వాదన. ఫగ్స్‌పా లిపికి మూలం టిబెటన్, దానికి మూలం బ్రాహ్మి. కొరియన్ పండితుల్లో చాలామంది దీన్ని ఒప్పుకోరు. నాకు మాత్రం ఆకారాల పోలిక కంటే వర్గాల వరసే గట్టి సాక్ష్యంగా తోస్తుంది.

చోయ్ మల్లి అభ్యంతరం

1444 రెండో చాంద్రమాసంలో, లిపి పుట్టి ఇంకా మూడు నెలలు కాకముందే, రాజుకు ఒక విజ్ఞాపన అందింది. రాసింది రాజుగారి పండిత పరిషత్తులో పెద్ద పదవిలో ఉన్న చోయ్ మల్లి. ఆయనతో పాటు మరో ఆరుగురు సంతకం చేశారు. చైనాతో ఒకే రాత, ఒకే నాగరికతగా బతుకుతున్నాం. సొంత లిపులున్నది మంగోలులు, జుర్చెన్లు, టిబెటన్లు, జపనీయుల వంటి వాళ్ళకే. మనం వాళ్ళలో చేరడమేమిటని అడిగారు. 27 అక్షరాలు (విజ్ఞాపనలో ఉన్న లెక్క ఇదే) నేర్చుకుంటే ఉద్యోగం దొరుకుతుందంటే ఇక ఎవరు కష్టపడి శాస్త్రాలు చదువుతారని అడిగారు. ఆరోగ్యం కోసం ఊటనీళ్ళకు వెళుతూ కూడా ఈ పని వెంటబెట్టుకు వెళ్ళడమెందుకని కూడా అడిగారు.

తరవాతి కాలం ఈయన్ని ప్రతినాయకుడిగా చూపించింది. నాకు అది అన్యాయంగా అనిపిస్తుంది. చోయ్ మల్లి నిజాయితీకి పేరుపడ్డ అధికారి. ఆయన భయం ఆ కాలానికి సహజమైనదే. చైనా కోపగిస్తే చిన్న రాజ్యం గతి ఏమిటన్న లెక్క అందులో ఉంది.

రాజు జవాబులో పండితుడి కోపం కనిపిస్తుంది. మీకు ఛందో నిఘంటువులు తెలుసా, స్వరాలెన్నో ధ్వనులెన్నో తెలుసా, వాటిని నేను సరిచేయకపోతే ఎవరు చేస్తారని నిలదీశాడు. ఇదు కూడా జనం సౌకర్యానికి పుట్టిందే కదా, సొల్ చోంగ్ చేస్తే సరి, నేను చేస్తే తప్పా అన్నాడు. నీతికథలను ఈ లిపిలో అనువదించినంత మాత్రాన జనం మారతారా, మంచితనం మనిషి స్వభావంలో ఉండాలని ఒక పండితుడు అన్నందుకు ఆయన్ని పదవి నుంచే తీసేశాడు. విజ్ఞాపన ఇచ్చినవాళ్ళను ఒక రాత్రి ఖైదులో పెట్టి మర్నాడు వదిలేశాడు. చోయ్ మల్లి మళ్ళీ కొలువులో చేరలేదు.

చతురస్రంలో చైనా నీడ

సెజోంగ్ హంజాను తరిమేయాలనుకున్నాడని చాలామంది అనుకుంటారు. ఆయన చేసిన పనులు చూస్తే అలా కనిపించదు. లిపి చేతికి రాగానే మొదలుపెట్టిన పనుల్లో ఒకటి, చైనా అక్షరాలను కొరియాలో ఎలా పలకాలో తేల్చే నిఘంటువు. కొత్త లిపి ఆ ఉచ్చారణలను పట్టి ఇచ్చే సాధనమైంది. అసలు హంగుల్ రూపమే హంజా పక్కన కూర్చోవడానికి అనువుగా ఉంది. విడి అక్షరాలను వరసగా పరచరు. ఒక అక్షరపాదంలోని హల్లు, అచ్చు, చివరి హల్లు మూడింటినీ ఒక చతురస్రంలో పేరుస్తారు. ఒక హంజా అక్షరం చోటులో ఒక హంగుల్ చతురస్రం సరిగ్గా పడుతుంది. 20వ శతాబ్దం మొదట్లో జు సిగ్యోంగ్ వంటి భాషావేత్తలు ఈ పేర్పును విప్పి రోమన్ అక్షరాల్లా వరసగా రాద్దామన్నారు. జనం కళ్ళు ఒప్పుకోలేదు. ఈనాడు కంప్యూటర్ల యూనికోడ్‌లో ఆధునిక హంగుల్ చతురస్రాలు 11,172 ఉన్నాయి.

అయితే రాజు మనసు ఎటు మొగ్గిందో చెప్పే పేజీలు ఉన్నాయి. రాణి చనిపోయాక ఆమె స్మృతిలో బుద్ధుడి మీద రాసిన గీతాల సంపుటి ‘వొరిన్ చొన్‌గంగ్ జిగొక్’. అందులో హంగుల్ పెద్ద అక్షరాల్లో ముందు ఉంటుంది, దాని కింద చిన్నగా హంజా ఉంటుంది. అప్పట్లో వచ్చిన మిగతా పుస్తకాల్లో ఈ వరస తలకిందులు.

వంటింటి లిపి

రాజు పోయాక నాలుగున్నర శతాబ్దాలు హంగుల్‌ను ‘నాటు రాత’ అన్నారు, ‘ఆడవాళ్ళ రాత’ అన్నారు. ప్రభుత్వం, పరీక్షలు, తత్వం, కవిత్వం అన్నీ హంజాలోనే సాగాయి. 1504లో యొన్‌సన్ అనే క్రూర రాజును తిడుతూ హంగుల్‌లో రాసిన కాగితాలు బయటపడితే, ఆయన ఆ లిపి నేర్పడాన్నీ నేర్వడాన్నీ నిషేధించాడు. జనం చేతికి రాత వస్తే ఏమవుతుందో ఆయనకు బాగానే అర్థమైంది.

ఆ రాత ఎవరి చేతుల్లో బతికిందో 1998లో అందొంగ్‌లో ఒక సమాధి తవ్వినప్పుడు లోకం చూసింది. 1586లో, ముప్పై ఏళ్ళు దాటీ దాటకుండా చనిపోయిన భర్త గుండెల మీద, గర్భిణి అయిన భార్య రాసి పెట్టిన హంగుల్ ఉత్తరం దొరికింది. కొడుకు పేరు పెట్టి ‘ఫలానావాడి నాన్నా’ అని పిలుస్తూ, నన్నూ బిడ్డనూ వదిలి ఎలా వెళ్ళావని, కలలోకి వచ్చి జవాబు చెప్పమని అడిగింది. చోటు చాలక కాగితం అంచుల్లోకి తిప్పి రాసింది. పక్కనే జనపనారతో, జుట్టుతో అల్లిన చెప్పులు ఉన్నాయి. చోయ్ మల్లి మాట నెగ్గి ఉంటే ఆ ఇల్లాలి దుఃఖం మనదాకా చేరేది కాదు.

హంజాలో తలమునకలైన పెద్దలకూ ఒక్కోసారి ఆ లిపి తప్పలేదు. జొంగ్‌జో రాజు 1797లో ఒక మంత్రికి చైనా భాషలో ఉత్తరం రాస్తూ, మధ్యలో ‘ద్విజుక్‌బక్‌జుక్’ అన్న మాట దగ్గర హంగుల్‌కు మారాడు. గందరగోళమని దాని అర్థం. మన గలగల, కిలకిలల వంటి మాటలకు కొరియన్‌లో కొదవ లేదు. వాటిని చైనా అక్షరాల్లో పట్టుకోవడం మహా పండితుడైన ఆ రాజు వల్ల కూడా కాలేదు.

రెండు లిపులూ ఎంతగా పెనవేసుకున్నాయో అక్షరాల పేర్లే చెబుతాయి. 1527లో చోయ్ సెజిన్ అనే అనువాద పండితుడు పిల్లలకు 3,360 హంజా నేర్పే పుస్తకం రాస్తూ, పీఠికలో హంగుల్ అక్షరాలకు పేర్లు పెట్టాడు. ‘నిఉన్’, ‘మిఉమ్’ అంటూ ఒకే పద్ధతి. ఆ పేర్లను హంజాతో రాయాలి కనుక, ‘ఉక్’ అన్న శబ్దానికి చైనా అక్షరం దొరకక ‘గిఉక్’ కావలసింది ‘గియొక్’ అయింది. మరో రెండు అక్షరాల పేర్లూ ఇలాగే దారి తప్పాయి. ఉత్తర కొరియా వాటిని సరిదిద్దుకుంది. దక్షిణ కొరియా పిల్లలు ఆ దారి తప్పిన పేర్లనే ఇప్పటికీ వల్లిస్తున్నారు.

పత్రిక, నిఘంటువు, చట్టం

1894 సంస్కరణల్లో ప్రభుత్వ శాసనాలకు హంగుల్ ఆధారమని ప్రకటించారు. 1896 ఏప్రిల్ 7న సంస్కర్త సొ జేపిల్ పూర్తిగా హంగుల్‌లో ‘తొంగ్నిప్ సిన్‌మున్’ అనే పత్రిక తెచ్చాడు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదిలి అచ్చు వేశారు. హంజా లేకపోతే మాట ఎక్కడ ఆగుతుందో తెలియాలి కదా. ఆ పత్రికలో పనిచేసిన కుర్రవాడే జు సిగ్యోంగ్. హంగుల్ అన్న పేరును వాడుకలోకి తెచ్చిన ఘనత ఎక్కువమంది ఆయనకే ఇస్తారు. అదే రోజుల్లో సియోల్‌లో ఉన్న అమెరికన్ ఉపాధ్యాయుడు హోమర్ హల్బర్ట్, హంగుల్‌లో భూగోళం పాఠ్యపుస్తకం రాశాడు. 1905లో కొరియన్ వ్యాకరణాన్ని మన ద్రావిడ భాషల వ్యాకరణంతో పోలుస్తూ ఒక పుస్తకం కూడా అచ్చు వేశాడు. అవి చుట్టాల భాషలని ఆయన నమ్మకం. ఈనాటి భాషాశాస్త్రం దాన్ని అంగీకరించదు.

జపాన్ పాలనలో 1942లో కొరియన్ భాషా సంఘం సభ్యులను పట్టుకున్నారు. వాళ్ళు చేస్తున్న నేరం నిఘంటువు తయారుచేయడం. ఇద్దరు జైల్లోనే చనిపోయారు. జప్తు చేసిన రాతప్రతి 1945 సెప్టెంబరులో సియోల్ రైల్వే స్టేషన్ గిడ్డంగిలో దొరికింది. ఆ నిఘంటువు తొలి సంపుటం 1947లో, చివరిది 1957లో వచ్చాయి.

ఆ తరవాతి కథ వేగంగా నడిచింది. 1948లో దక్షిణ కొరియా ప్రభుత్వ పత్రాలు హంగుల్‌లో ఉండాలని చట్టం చేసింది. ఉత్తర కొరియా 1949 నాటికి హంజాను వాడుకలోంచి తీసేసింది. దక్షిణాదిలో 1970 నుంచి పాఠ్యపుస్తకాల్లో హంగుల్ ఒక్కటే మిగిలింది. హంజా వేరే పాఠంగా మాధ్యమిక, ఉన్నత పాఠశాలల్లో 1,800 అక్షరాల జాబితాతో కొనసాగింది. దినపత్రికలు చాలాకాలం హంజా కలిపే రాశాయి. 1988లో మొదలైన ‘హంగ్యోరే’ పూర్తి హంగుల్‌లో, అడ్డవరసల్లో వచ్చాక మిగతావీ క్రమంగా ఆ దారి పట్టాయి. హంగుల్ మాత్రమే అన్న చట్టం చెల్లదని వేసిన వ్యాజ్యాన్ని 2016 నవంబరులో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది.

మాట లోపల మిగిలిన హంజా

కాగితం మీంచి హంజా వెళ్ళిపోయినా మాటలోంచి పోలేదు. కొరియన్ నిఘంటువులో సగానికి పైగా మాటలు చైనా మూలాలవే. మనకు తత్సమాలు ఎలాగో వాళ్ళకు ఇవి అలాగ. విద్యార్థి, విద్యాలయం, విద్వాంసుడు అన్న మాటల్లో మనకు ఒకే మూలం వినిపించినట్టు, హక్‌సెంగ్, హక్‌గ్యో, హక్‌జా అన్న మాటల్లో వాళ్ళకు ‘హక్’ వినిపిస్తుంది. గడియారం చూసి సమయం చెప్పినా రెండు భాషలూ పలుకుతాయి. గంటలు దేశి అంకెల్లో, నిమిషాలు చైనా అంకెల్లో.

చిక్కంతా ఒకే ఉచ్చారణ ఉన్న మాటలతో. ‘ఉయిసా’ అంటే వైద్యుడు, దేశంకోసం ప్రాణమిచ్చిన వీరుడు, ఉద్దేశం కూడా. ‘బంగ్‌హ్వా’ అంటే నిప్పు పెట్టడం, నిప్పు రాకుండా చూడటం కూడా. ఆటల పేజీలో ‘యొన్‌పే’ అంటే వరసగా ఓడటం, వరసగా ఛాంపియన్ కావడం కూడా. హంజాలో ఇవి వేరువేరు అక్షరాలు. హంగుల్‌లో ఒకటే. సందర్భమే దిక్కు. 2022లో ఒక కార్యక్రమ నిర్వాహకులు ‘సిమ్‌సిమ్‌హన్’ క్షమాపణ అని రాస్తే దేశమంతా గొడవైంది. ప్రగాఢమైన క్షమాపణ అని వాళ్ళ ఉద్దేశం. విసుగుపుట్టించే అన్న అర్థమే తెలిసిన యువత, మమ్మల్ని వెక్కిరిస్తున్నారా అని మండిపడింది. పెద్దవాళ్ళు హంజా చదువు మానేసిన ఫలితమని నిట్టూర్చారు.

ఆ నిట్టూర్పును నేను పూర్తిగా ఒప్పుకోను. హంజా కలిపి రాసిన రోజుల్లో పత్రిక చదవలేక పక్కకు తప్పుకున్న కూలీలు, రైతులు, ముసలమ్మలు ఎందరో. వాళ్ళ పిల్లలకు ఆ గోడ లేదు. రాతను జనానికి ఇవ్వడం సరైన నిర్ణయం, అది వెనక్కి పోకూడదు. కానీ మాటల మూలాలు పిల్లలకు తెలియకుండా పెంచడం వేరే సంగతి. 2019 నుంచి ఐదు, ఆరు తరగతుల పుస్తకాల అంచుల్లో 300 హంజా చూపించాలని విద్యాశాఖ ప్రతిపాదించింది. హంగుల్ సంఘాలు, ఉపాధ్యాయులు ఎదురుతిరిగితే అది ఆగిపోయింది. అంచులో అక్షరం పెడితే రేపు పరీక్ష వస్తుందని, ఆ పరీక్షకు ట్యూషన్లు వస్తాయని వాళ్ళ భయం. కొరియా చదువుల పోటీ తెలిసినవాళ్ళెవరూ దాన్ని కొట్టిపారేయలేరు. అందుకే ఆ 300 మూలాలను పరీక్ష లేకుండా, రాయమని నిర్బంధించకుండా, అర్థాలతో చెబితే చాలని నేనంటాను. పేజీ మీద హంగుల్ పెద్దగా, దాని కింద చిన్నగా హంజా. సెజోంగ్ తన రాణి కోసం వేయించిన పుస్తకంలో ఉన్న వరస అదే.